బొడ్డగరువు సామల మిషను

రిటైరయ్యానని చెబితే జనం ముందు నా జుట్టు వంక చూస్తారు. ముప్పై నాలుగేళ్ళకు రిటైర్మెంటేమిటని. క్రికెట్ ఆడేవాళ్ళు ఈ వయసులో మానేస్తే శాలువా కప్పుతారు. మిషన్లు చేసేవాళ్ళు మానేస్తే "ఏం జరిగింది?" అని గొంతు తగ్గించి అడుగుతారు. ఏమీ జరగలేదు. ఒకరి బుర్రలో మెరిసిన ముచ్చటను ఇనుముతోనూ రబ్బరుతోనూ తయారుచెయ్యడం, అది తిరక్కపోతే ఎందుకు తిరగలేదో ఆ బుర్రకే మళ్ళీ వివరించడం, ఇదీ నా ఉద్యోగం. అలా తయారయ్యే మొట్టమొదటి నమూనాను మా వృత్తిలో ప్రోటోటైప్ అంటారు. మా అమ్మ "ఇంకా అవలేదా అది" అనేది. ఆవిడ మాటే సరైంది.

ఇప్పుడు పాడేరులో ఐటీఐ పిల్లలకు ఫిట్టింగు నేర్పుతున్నాను. వాళ్ళలో కొందరు ఇదే పనిలోకి వెళతామంటున్నారు. వద్దని చెప్పి చూశాను, వినలేదు. అందుకని రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చింది ఒకటే, దానివల్ల నా కుర్చీకి చక్రాలొచ్చాయి, అంతకుమించి కదలిక లేదు. ఒక్క మిషను గురించే చెబుతాను. మిగతావన్నీ దాని తోబుట్టువులే.

ఆలోచన ఎక్కడ పుడుతుంది

అవసరంలోంచి పుడుతుందని పాఠాల్లో చెబుతారు. నేను చూసినంతలో కారు కిటికీలోంచి పుడుతుంది. విశాఖపట్నంలో మా చిన్న డిజైన్ సంస్థకు యజమాని మూర్తిగారు. ఆయన కుటుంబంతో అరకు వచ్చి, తిరిగి వెళుతూ రోడ్డు పక్కన ఒకావిడ రోట్లో సామలు దంచడం చూశారు. కారు ఆపలేదు, ఘాట్‌లో ఆపితే వెనకవాళ్ళు తిడతారు. కానీ మనసు కరిగిపోయింది. సోమవారం ఆఫీసుకు రాగానే "ఆ తల్లుల చేతిలోంచి రోకలి తీసెయ్యాలి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తల్లుల్ని ఎవరైనా అడిగారా అని నేను అడిగాను. అడిగి రమ్మని నన్నే పంపారు. సమావేశాల్లో ప్రశ్న వేసినవాళ్ళకు దక్కే బహుమతి అదే, గుర్తుపెట్టుకోండి.

"నువ్వు అరకు పిల్లవే కదమ్మా రూతూ, నీకు తెలియనిదేముంది" అన్నారు పైగా. అరకులో పుడితే చిరుధాన్యాల శాస్త్రం ఉగ్గుపాలతో వస్తుందని ఆయన నమ్మకం. మా నాన్న క్రైస్తవ మిషనరీల బడిలో లెక్కల మాస్టారు. మా ఇంట్లో తిన్నది కోటా బియ్యం. సామలకూ కొర్రలకూ తేడా నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

పెదబయలు దాటి, జీపు ఇక నావల్ల కాదన్నచోట దిగి, కొండెక్కితే బొడ్డగరువు వస్తుంది. అక్కడ మహిళా సంఘానికి పెద్ద వంతల జానకమ్మ. నా చేతిలో ఫోను చూడగానే రోకలి తీసుకుని గోడకు ఆనించి దాని పక్కన నిలబడింది.

"ఫొటోయే కదేటి? నిలబడతాను గానీ ఎత్తమనకు. సెయ్యి లెగట్లేదు."

కుడి భుజం. పుల్లలకెళ్ళి జారి పడిందట, అప్పట్నుంచి చెయ్యి తలపైకి రాదు. కోడలు కాఫీ తోటల్లో పనికి పోతుంది, సాయంత్రానికి ఆమెకూ ఓపికుండదు. అటక మీద బుట్టల నిండా సామలున్నాయి, దంచే చెయ్యి లేదు.

"గింజ ఇంట్లో ఎట్టుకుని కోటా బియ్యం తింతన్నాం. సిగ్గుగా ఉంతాది" అంది.

మిషను చేద్దామనుకుంటున్నామని చెప్పాను. ఆవిడ రోకలి తీసి మళ్ళీ మూలన పెట్టింది.

"మునుపొకాయన ఎండపొయ్యి తెచ్చేడు. ఫొటోలు తీసేరు, ఎలిపోయేరు. అందులో ఇప్పుడు మా కోడి పొదుగుతాంది. సూడు గుంటా, సూపించి పట్టుకుపోయే మిషనైతే మాకొద్దు. ఇక్కడుంచుతానంటే సెయ్యి."

గుంట అంటే మా వైపు ఆడపిల్ల. మూర్తిగారికి ఫోన్ చేసి అదే మాట అడిగాను. "తప్పకుండా" అన్నారు. మీ ఉద్యోగంలో మీకూ ఒక మూర్తిగారు ఉంటారు. ఆయన "చూద్దాం" అంటే కొంచెం ఆశ పెట్టుకోవచ్చు. "తప్పకుండా" అంటే వదిలేసుకోండి.

బొమ్మలో అన్నీ తిరుగుతాయి

మిషను సూత్రం చాలా చిన్నది. వేగంగా తిరిగే చక్రం గింజను రబ్బరు గోడకేసి కొడుతుంది, పొట్టు ఊడుతుంది, ఫ్యాను ఆ పొట్టును బయటికి ఊదుతుంది. ఒక్క వాక్యంలో అయిపోయింది. తయారుచెయ్యడానికి ఏడాది దాటింది.

మొదట కంప్యూటర్లో బొమ్మ గీశాం. చాలా అందంగా వచ్చింది. అందంగా రావడమే మొదటి ప్రమాదం, ఎందుకంటే అందులో ప్రతి నట్టూ గాల్లో తేలుతూ వచ్చి తన చోట తాను కూర్చుంటుంది. గాజువాక వైపు షెడ్డులో మా పనులు చేసే అప్పలరాజుగారు ఆ బొమ్మను తిప్పి తిప్పి చూశాడు.

"మేడమ్, ఈ లోపలి నట్టు బిగించడానికి ఉడతని పెట్టుకోవాలేటి?"

నిజమే, పానా పట్టే సందు లేదు. మార్చాం. ఇక్కడ మీరు అప్పలరాజుగారు మహానుభావుడని, ఆఫీసువాళ్ళం మూర్ఖులమని అనుకునే అవకాశం ఉంది. తొందరపడకండి. మార్చిన బొమ్మ ప్రకారం పెట్టె చేసిచ్చాడు, దానికి తెరిచి శుభ్రం చేసుకోవలసిన మూత ఉంది. ఆ మూత చుట్టూ వెల్డింగు చేసేశాడు.

"ఇది తెరవాలి కదండీ?" అన్నాను.

"తెరిస్తే దుమ్మెల్తాది. అందుకే అతికేసేను. ఇంక దీనికి సావు నేదు."

"లోపల పొట్టు నిండిపోతే?"

ఆలోచించాడు. "నిండకుండా ఆడించుకోవాలి" అన్నాడు.

అటు మూర్తిగారు ఖాళీగా ఉన్నప్పుడల్లా కొత్త సదుపాయాలు కలిపేవారు. ఎంత గింజ ఆడిందో ఫోన్లో కనిపించాలట. బొడ్డగరువులో సిగ్నల్ కావాలంటే ఊరవతల ఒక బండరాయి ఎక్కి, మొహం ఒడిశా వైపు పెట్టాలి. ఎంత ఆడిందో తెలుసుకోవడానికి కింద పెట్టిన బుట్టలోకి చూస్తే సరిపోతుందని చెప్పాను. "నీకు దూరదృష్టి లేదమ్మా" అన్నారు. ఆ ఆలోచన పోయాక మోటారు పెద్దది పెట్టిద్దామన్నారు. అక్కడ సాయంత్రమైతే బల్బు వెలుగుతోందో లేదో టార్చి వేసి చూసుకోవాలని, ఆ కరెంటుకు పెద్ద మోటారు కనీసం మూలగను కూడా మూలగదని చెప్పడానికి ఒక వర్షాకాలం పట్టింది. రంగు మాత్రం ఒక్క పూటలో తేల్చేశారు. ఆకుపచ్చ, ప్రకృతి కదా అని. మా వృత్తిలో రంగు ఎప్పుడూ గడువులోపే పూర్తవుతుంది.

కావిడికి రెండు వైపులుంటాయి

మిషను కొండెక్కాలి. జీపు ఎక్కదు కాబట్టి మనుషులు మొయ్యాలి. ఆ సంగతి ముందే తెలుసు, అందుకే రెండు భాగాలుగా విడిపోయేలా చేశాం. మా ఆఫీసులో ఆ రోజు స్వీట్లు కూడా పంచారు.

జీపు దగ్గరికి ఊరినుంచి మనుషులు కావిడి బద్దలు పట్టుకుని దిగారు. బద్దకు ఒక కొసన ఒక భాగం, రెండో కొసన రెండోది. ఎత్తగానే కావిడి గిరుక్కున తిరిగి మోటారు ఒకాయన పాదం పక్కన పడింది. ఒక భాగంలో మోటారు, చక్రం, బరువంతా అందులోనే. రెండోదాంట్లో తొట్టీ, రేకు గొట్టం. విడగొట్టామే గానీ సమంగా విడగొట్టాలని ఎవరికీ తట్టలేదు. బద్దకు అటూ ఇటూ ఒకే బరువు వేలాడితేనే మనిషి నడవగలడని, కావిడి చూస్తూ పెరిగిన నాకూ తట్టలేదు, రెండు భాగాలని ముందే చెప్పినా రోజూ మోసే వాళ్ళూ అడగలేదు. వాళ్ళు అనుకున్నారట, చదువుకున్నోళ్ళు ఏదో ఆలోచించే ఉంటారని. ఆ నమ్మకం మా వృత్తికి పట్టిన శని.

చివరికి తేలికైన వైపు రాళ్ళు కట్టారు. ఆ రోజు నేను చూసింది ఇది: ఇద్దరు మనుషులు కొండ కింద నుంచి రాళ్ళు మోసుకుంటూ కొండ మీదికి ఎక్కుతున్నారు.

"కొండ మీద రాళ్ళు నేవేటి, కింద నించి తెత్తన్నారు?" అని దారిలో ఎదురైన ముసలమ్మ అడిగింది.

"పట్నం మిషనే. దానికి తోడు కావాలంట" అన్నాడు మోస్తున్నాయన, ఆగకుండా.

తేదీ ఒకరిది, రోజు ఇంకొకరిది

ఈ మిషనుకు ఖర్చు పెడుతున్నది హైదరాబాదులో ఒక సంస్థ. వాళ్ళ తరఫున ఒక మేడమ్ వచ్చి కళ్ళారా చూసి బాగుందంటే పని ముందుకెళుతుంది, లేకపోతే మూటగట్టేస్తారు. తేదీ మూర్తిగారే ఇచ్చేశారు. కొత్త పంట కోతలయ్యాయి, గింజ కుప్పలుగా ఉంటుంది, అద్భుతం అనుకున్నారు.

మిషను బిగించిన రోజు జానకమ్మను సామలు అడిగాను.

"అటక మీద పాత గింజ పురుగట్టేసింది. కొత్తదేమో కొత్త పండగ కాలేదు కదా" అంది.

ఏజెన్సీలో ఏ పంటకు ఆ పంట కొత్త పండగ చేస్తారు. ఆ పూజ అయ్యేదాకా కొత్త గింజ దంచరు, నోట పెట్టరు. రోజు నిర్ణయించేది దిసారి, అంటే ఊరికి తిథి చూసి చెప్పే పెద్దమనిషి. బొడ్డగరువు దిసారి పేరు సొంబు. ఆయన పెట్టిన రోజు మేడమ్ రావలసిన తేదీకి వారం తర్వాత పడింది.

బండరాయి ఎక్కి మూర్తిగారికి ఫోన్ చేశాను.

"పండగ ముందుకు జరపమనమ్మా" అన్నారు.

"సార్, మీ అమ్మాయి పెళ్ళి ముహూర్తం ఎవరి సెలవులు చూసి పెట్టించారు?"

"అబ్బాయి కంపెనీవాళ్ళవి."

ఇలాంటి మనిషితో వాదించలేం. దిసారి దగ్గరికే వెళ్ళాను. చుట్ట వెలిగించి శ్రద్ధగా విన్నాడు.

"మిషను దంచితే మనిషి దంచినట్టు కాదు కదా తాతా?" అన్నాను, నాకే నమ్మకం లేకుండా.

"మీట ఎవులు నొక్కుతారు?"

"నేను."

"నువ్వు మనిషివి కావేటి?"

మా సంభాషణ అక్కడితో ముగిసింది.

ఆ తేదీన మూర్తిగారు మేడమ్‌ను వెంటబెట్టుకుని వచ్చారు, కారు డిక్కీలో వేసుకొచ్చిన ఒక మూట కూడా పైకి మోయించారు. మైదానంలో ఎక్కడో కొన్న సామలు, ఎండకు గలగలలాడుతున్నాయి. సొంబు తాత పిడికెడు తీసి చూసి, "మా గింజ కాదు. మా దేవుడికి దీంతో పని నేదు. ఏసుకోండి" అన్నాడు. ఊరంతా చూడడానికి కూర్చుంది.

మీట నొక్కాను. మిషను ఆడింది. బ్రహ్మాండంగా ఆడింది. ఒకవైపు పొట్టు, ఒకవైపు ముత్యాల్లాంటి బియ్యం. మేడమ్ ఫోన్లో వీడియో తీసుకుంటూ "వండర్‌ఫుల్" అంటోంది. నేను మాత్రం మూటలోంచి ఒక గింజ తీసి కొరికి చూశాను. పొడిగా ఎండిన మైదానం గింజను ఏ మిషనైనా ఒలుస్తుంది, గట్టిగా తిడితే దానంతటదే ఒలుచుకుంటుంది. పొగమంచులో తడిసి ఆరని కొండ గింజ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. డెమో అంటే ఇదే, పిల్లలూ. జరగబోయేదాన్ని తప్ప అన్నిటినీ చూపిస్తుంది.

గెలిచినందుకు శిక్ష

"మూర్తిగారూ, ఇది హైదరాబాదు ప్రదర్శనలో ఉండాలి. మా స్టాల్లో మధ్యలో పెట్టిస్తాను. ఇప్పుడే పంపించేయండి, మా వ్యాన్ కింద ఉంది" అంది మేడమ్.

"తప్పకుండా" అన్నారు మూర్తిగారు.

జానకమ్మ నా పక్కకొచ్చింది. "ఏటంతాంది?"

"బాగుందంటోంది."

"అది మొకంలో తెలుస్తంది. తరవాత?"

"పట్టుకెళతారట."

ఆవిడ కోడి పొదుగుతున్న ఎండపొయ్యి వైపు చూసింది. సార్ దగ్గరికి వెళ్ళి ఇది ఇక్కడే ఉంచుతామన్న మాట గుర్తుచేశాను. "తర్వాత ఇంకోటి చేసిద్దాంలేమ్మా" అన్నారు. ఆ ‘ఇంకోటి’ ఎప్పటికీ రాదని మా ఆఫీసులో టీ తెచ్చే ఆమెకు కూడా తెలుసు. మోటారు ఆడకపోతే మూటగట్టి తీసుకెళతారు, ఆడితే అలంకరించి తీసుకెళతారు. జానకమ్మకు రెండూ ఒకటే. అటక మీద కొత్త గింజ బుట్టలూ అలాగే ఉండిపోతాయి.

మేం అలా మాట్లాడుతుండగా ఆవిడ సొంబు తాత దగ్గర కూర్చుని వాళ్ళ ఇంటి భాష ఆదివాసీ ఒడియాలో నాలుగు మాటలు చెప్పింది. నాకు సగమే అర్థమైంది. కావిడివాళ్ళు అప్పటికే తాళ్ళు బిగిస్తున్నారు. సొంబు తాత లేచి, చుట్ట తీసి, గొంతు సవరించుకున్నాడు.

"మిషన్లో గింజ పడ్డాది. గింజ పడ్డ సామాను కొత్తకి ముందు ఊరి పొలిమేర దాటకూడదు."

మేడమ్ మూర్తిగారి వంక చూసింది. "వారమేగా, పండగయ్యాక పంపిస్తారు కదా?"

"కొత్తలో దానికీ బొట్టెడతాం. బొట్టెట్టిన సామాను ఊరిదైపోద్ది. ఇంక దాటదు."

కావిడివాళ్ళు మరో మాట వినకుండా తాళ్ళు విప్పి, బద్దలు పక్కన పడేసి, నీడలో కూర్చున్నారు. అంత చురుగ్గా వాళ్ళు పని చెయ్యడం ఆ రోజుకి అదే మొదలు. మూర్తిగారు మోటారు వైపు ఒకసారి, దిగవలసిన కొండ వైపు ఒకసారి చూశారు. తర్వాత నన్ను పక్కకు పిలిచారు.

"నిజమేనా అమ్మా? నువ్వు ఇక్కడి పిల్లవి కదా."

"చాలా గట్టి కట్టుబాటు సార్" అన్నాను.

అలాంటి కట్టుబాటు నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. సొంబు తాత మాత్రం నా వంక చూడకుండా చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

ప్రదర్శన సంగతి చెప్పకపోతే మీకు నిద్ర పట్టదు కాబట్టి చెబుతున్నాను. అప్పలరాజుగారు హడావుడిగా ఇంకో పెట్టె చేసి ఆకుపచ్చ రంగు వేసిచ్చాడు. లోపల మోటారు లేదు, చక్రం లేదు, ఏమీ లేదు. దానికి బహుమతి వచ్చింది. మా సంస్థ చేసిన వస్తువుల్లో ఒక్కసారి కూడా చెడిపోనిది అదొక్కటే.

కొండ గింజ

కొత్త పండగ నాడు నేనూ అప్పలరాజుగారూ బొడ్డగరువు ఎక్కాం. ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాను. దారి పొడుగునా "నాను లేతు మిషను కాడ నిలబడి బతికేవోణ్ణి, మేకని కాను" అని కొండకు ఫిర్యాదు చేస్తూనే ఉన్నాడు. చేతి సంచిలో మాత్రం రెండు మూడు సైజుల పుల్లీలు వేసుకుని వచ్చాడు, చెప్పకుండా.

దేవుడికి పెట్టే పిడికెడూ జానకమ్మ కోడలు రోకలితోనే దంచింది. దాన్ని మిషన్లో వెయ్యమని ఎవరూ అనలేదు, నేను అడగలేదు. మిషనుకు నిజంగానే బొట్టు పెట్టారు. ఆ తర్వాత జానకమ్మ ఎడం చేత్తో బుట్ట ఎత్తి తొట్టిలో పోసింది.

నేను భయపడ్డట్టే అయింది. సగం గింజకు పొట్టు ఊడలేదు, తడి పొట్టు గొట్టంలో అతుక్కుని ఫ్యాను ఉక్కిరిబిక్కిరైంది. దాన్ని తీద్దామంటే మూత. మూత చుట్టూ వెల్డింగు. ఊరంతా అప్పలరాజుగారి వంక చూసింది. ఆయన ఆకాశం వంక చూశాడు.

జానకమ్మ బుట్టలోకి వంగి, సగం ఒలిచిన గింజ చేత్తో కెలికి, గుప్పెడు తీసి మళ్ళీ అందులోకే వదిలేసింది. ప్రదర్శనకు పోకుండా ఆపింది దీనికోసమా అన్నట్టు.

అప్పలరాజుగారు ఉలి అడిగి తెప్పించుకుని, తన వెల్డింగు తానే తిట్టుకుంటూ కోశాడు. పుల్లీ మార్చాడు, వేగం పెరిగింది. ఈసారి పొట్టు ఊడింది, గింజ విరిగింది. ఇంకో పుల్లీ. నేను రబ్బరు విప్పి దూరం జరిపాను. ఈలోగా కోడలు రెండో బుట్టను పొయ్యి పైన అటక మీద, పొగ తగిలేచోట పెట్టింది. మర్నాడు పొద్దున్న దాన్ని దించి పోశారు. ఒకసారి ఆడిస్తే సగం, రెండోసారి ఆడిస్తే దాదాపు అంతా వచ్చింది. గొప్పగా ఏమీ కాదు. బ్రోచరులో వేసుకునేలా లేదు. మీరు ఈ పనిలోకి వస్తే పూర్తయిన ప్రోటోటైప్ ఎలా ఉంటుందో తెలుసుకోండి: చేసినవాళ్ళకు సిగ్గుగానూ, వాడేవాళ్ళకు సరిపోయేట్టూ ఉంటుంది.

జానకమ్మ గుప్పెడు బియ్యం తీసి ఊది, నోట్లో వేసుకుని నమిలింది. నేను మిషను పక్కన కింద కూర్చుని, శబ్దంలో ఏదైనా తేడా ఉందేమోనని చెవి పెట్టి వింటున్నాను.

"నూక ఎక్కువుంది" అంది.

"సరిచేస్తాను, కొంచెం టైమివ్వు..."

"జావకి పనికొస్తాది." అని, మూడో బుట్ట తనే అందుకుంది. నన్ను అడగలేదు, సొంబు తాతను అడగలేదు, ఏ మీట ఎక్కడుందో చూపించమనలేదు. ఆవిడ వెనకాల కోడలు, కోడలి వెనకాల ఊరి ఆడవాళ్ళు బుట్టలు చంకన పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు.

"అడ్డు లే గుంటా, బేగి" అంది జానకమ్మ. "ఎనకాల ఇంతమందున్నారు, కనిపించట్లేదేటి?"

లేచి పక్కకు జరిగాను.